కుడిచేతి పిడికెడు

మొన్న ఆదివారం ఆత్మకూరులో మా చర్చికి వెళ్ళేసరికి, కానుకల బల్ల పక్కన మేకుకి ఎప్పుడూ వేలాడే గుడ్డసంచి లేదు. దాని చోట గోడకి ఒక చదరపు కాగితం అంటించి ఉంది, నల్ల గళ్ళ ముగ్గుతో. ఇప్పటి పాస్టరు గారు మా పెద్దవాడికంటే చిన్నవాడు. మంచి మనిషి, ఉత్సాహం కాస్త ఎక్కువ. "టీచరమ్మా, ఇంక బియ్యం మోసుకొచ్చే బాధ లేదు. ఫోన్ చూపిస్తే చాలు, పిడికెడు కానుక పోయి పడతాది" అన్నాడు నవ్వుతూ. సంచిలో బియ్యానికి పురుగు పడుతోందనీ, ఎలుకల బాధ పడలేకపోతున్నామనీ కూడా చెప్పాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేనూ ఫోన్ బయటికి తీశాను. తీరా చూపించబోతే చెయ్యి ఆడలేదు. కళ్ళజోడు మర్చిపోయి వచ్చానని చెప్పి, వెళ్ళి నా చోట కూర్చున్నాను. ఆ చెప్పేటప్పుడు కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. పాపం, ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రెండో పాట మొదలైంది. అమ్మ కళ్ళ ముందుకి వచ్చి కూర్చుంది.

పిడికెడు బియ్యం సంగతి తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. మా సంఘాల్లో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యం కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేరే డబ్బాలో వేస్తారు. రెండు పూటలా వండితే రెండు పిడికిళ్ళు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో సంచిలోకి ఒంపుతారు. ఎవరూ కొలవరు, ఎవరి పేరూ చదవరు. అందులో కొంత పాస్టరు ఇంటికి, కొంత దిక్కులేని ముసలివాళ్ళకి పోతుంది. ఒకరింటివి స్టోరు బియ్యం, ఒకరింటివి సన్నబియ్యం, ఇంకొకరింటివి నూకలు, అన్నీ ఆ ఒక్క సంచిలోనే పడేవి. నా చిన్నప్పటి పాస్టరమ్మ గారు మా అమ్మ దగ్గర మొరపెట్టుకునేది, "ఒక్క ఎసట్లో మూడు రకాలక్కా. ఒకటి ఉడికే లోపల ఇంకోటి జావైపోతాది" అని. "పరలోకంలో గూడా అంతేలే అమ్మా, అన్ని రకాల మనుషులూ ఒకే కుండ" అనేది అమ్మ. అమ్మ నోట్లోంచి అలాంటి మాటలు ఎప్పుడో ఒకటి జారిపడేవి. ఏరుకునే తీరిక మాకెవరికీ ఉండేది కాదు.

అమ్మది మర్రిపాడు పక్క మెట్ట పల్లె. ఆమె చిన్నతనంలో వరి అన్నం పండగ రోజు మాట, మిగతా రోజులన్నీ సజ్జలూ కొర్రలే. అప్పట్లో మా అవ్వ సజ్జలే పిడికెడు తీసేదట. పెళ్ళయి ఆత్మకూరు వచ్చాక, సంగం కాలవ కింద పండిన బియ్యం ఇంట్లో చూసి, ఇంత తెల్లటి వాటిని దేవుడికి పెట్టే రోజు తనకి వచ్చిందని అమ్మ మురిసిపోయిందట. ఆమె చెయ్యి చిన్నది. గాజులవాడు చిన్నపిల్లల గాజులు తీసి వేసేవాడు. అందుకని పిడికిలి బిగించి తీసేది కాదు, వేళ్ళు విప్పి గుట్టగా ఎత్తేది. "నా చెయ్యి చిన్నదైతే అది దేవుడి తప్పా?" అనేది. నాయనకి పనులు లేని ఒక వానాకాలం, ఇంట్లో నూకలు తప్ప ఏమీ లేని రోజున కూడా డబ్బా మూత తీసింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళుంటాయి. మనకే చాలకపోతుంటే దేవుడికెందుకని గట్టిగానే అడిగాను.  అమ్మ మా అందరికీ వడ్డించి, ఆ పూట తను తినలేదు. నేను మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

నాయన బేల్దారి, మా సంఘంలో పెద్ద. మా చర్చి గోడల్లో తూర్పు వైపుది మొత్తం ఆయన చేతి కట్టుబడి. ఎవరు ఇంటికి వచ్చినా ఆ గోడ సంగతి ఎత్తకుండా పంపేవాడు కాదు. రక్షణ విషయంలో, అంటే మనిషి పరలోకం చేరే విషయంలో, ఆయనది బేల్దారి లెక్కే. దేవుడు ఇటుకలు ఇస్తాడు, గోడ మటుకు నువ్వే కట్టాలి. పొద్దున లేచి పని చెయ్యాలి, మాట నిలబెట్టుకోవాలి, పెట్టే చెయ్యి ఆగకూడదు. "ఇంక చాలు అనుకున్నోడు ఆడ్నే పడతాడు" అనేది ఆయన ఊతపదం. అన్నం తినేటప్పుడు తప్ప మిగతా అన్ని సందర్భాల్లోనూ వాడేవాడు.

ఆయనకి ఒకే తమ్ముడు, మా చిన్నాయన. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. అక్కడి ఒక ముస్లిం ఉస్తాదు దగ్గర పని నేర్చుకుని, ఉస్తాదుకంటే సన్నగా చెక్కుతాడని పేరు తెచ్చుకున్నాడు. దగ్గరికి వస్తే పచ్చి కొయ్య వాసన. చొక్కా జేబు దులిపితే పొట్టు రాలేది. నెలలో మొదటి ఆదివారం, అంటే చర్చిలో ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ఆరాధన కాగానే కూరతో భోజనం, భోజనంతో పాటు వాదం. ముప్పై ఏళ్ళు ఇదే వరస. చిన్నాయన పక్షం ఏమిటంటే, రక్షణ దేవుడు ఊరికే ఇచ్చే ఈవి, మనిషి తన పనితో దాన్ని సంపాదించలేడు.

"అన్నా, మర్రిపాడు మెట్టలో వాన పడితే ఎవురి కష్టానికి పడినట్టు? ఎవుడన్నా మబ్బులోకి నాగలి తోలినాడా? ఊరికే కురిసింది. రక్షణ గూడా అంతే."

"కురిసింది సరేరా. దుక్కి దున్నకుండా పండుకున్నోడి చేలో ఏం మొలస్తాది? తుమ్మ మొలస్తాది."

"దున్నితే వాన వస్తాదా అన్నా? వస్తాదనే నమ్మకంతో దున్నతారు."

"నమ్మకం ఉండేవోడు పండుకోడు. నేను చెప్పేది గూడా అదే గదరా!"

అంతటితో ఇద్దరూ తామే గెలిచామనుకుని ఎముకలు కొరుక్కునేవాళ్ళు. అప్పటి పాస్టరు గారే ఒకసారి మధ్యవర్తిగా వచ్చి, ఇద్దరి చేతా చీవాట్లు తిని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నాకైతే సరదాగా ఉండేది. టీచరు ఉద్యోగం వచ్చాక నేను కూడా ఒకసారి ఈ పక్షం, ఒకసారి ఆ పక్షం చేరి ఎగదోసేదాన్ని. అమ్మ మాత్రం గరిటె పట్టుకుని ఇద్దరి మధ్యా తిరుగుతూ, "ఇంకొంచెం పులుసు పొయ్యనా అబ్బయ్యా?" అనేది. ముప్పై ఏళ్ళ వాదంలో నాకు గుర్తున్నంతవరకు ఆమె మాట అదొక్కటే.

ఆరేళ్ళ కింద, వేసవి మొదట్లో, అమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నెల్లూరు ఆసుపత్రిలో పది రోజులుంచి ఇంటికి పంపారు. మాట ముద్దగా వచ్చేది, కాలు కొంచెం ఆడేది, కుడిచెయ్యి మాత్రం పక్కన పెట్టిన వస్తువులాగా ఉండిపోయింది. నేను అప్పటికి రిటైరై ఏడాది. రెండు వీధుల అవతల మా ఇంటికి తాళం వేసి అమ్మ దగ్గరే ఉన్నాను. ఇంటికి వచ్చిన మొదటి పొద్దున కళ్ళు తెరిచి ఆమె అడిగింది నీళ్ళు కూడా కాదు, పిడికెడు తీశావా అని. తీశానన్నాను. "నీది నీ ఇంట్లో తియ్యి. నాది నేను తియ్యాల" అంది. బియ్యం గిన్నె మంచం దగ్గరికి తెచ్చి, ఎడమచేత్తో తియ్యమన్నాను. నా మొహం వంక వింతగా చూసింది. "ఎడమచేత్తో కూలోడికి గూడా కూలి ఇయ్యమే. దేవుడికిస్తామా?" అంది. చదువుకున్న దాన్ని, నాకు ఆ ఆలోచన రాలేదు. గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను.

నాయనకి ఇది చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, ఆమె మనసు మీద బరువు దించాలని ఒక ఉపాయం చేశాడు. దేవుడి పనిలో బరువు ఎత్తాలన్నా దించాలన్నా సంఘమే చెయ్యాలని ఆయన నమ్మకం. మా ఇల్లు చర్చికి వెనక సందులో. అమ్మ మంచం మీంచే ఆరాధన వింటుందని శనివారమే నిచ్చెన వేసుకుని, చర్చి మీది మైకు మూతిని మా కిటికీ వైపు తిప్పి కట్టాడు కూడా. నిచ్చెనెక్కొద్దని నేను బతిమాలితే వినలేదు. ఆదివారం ప్రార్థనకి ముందు ఆయన గొంతు మా గదిలోకి బాగా వినిపించింది. "మా ఇంటామెకి చెయ్యి పడిపోయిన సంగతి మీకందరికీ తెలుసు. ఇన్నేళ్ళలో ఆమె పిడికెడు తప్పింది లేదు. ఇంక ఆమె తియ్యనక్కర్లేదని సంఘం తరపున సెలవిస్తా ఉండాం."

అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ నా వైపు తిరిగింది. సగం మొహం కదలదు, రెండో సగం ఏడుస్తోంది.

"నన్ను తీసేసినారా పాపా?"

తీసెయ్యడం కాదమ్మా, నీకు విశ్రాంతి ఇచ్చారన్నాను. నాకు తెలిసిన వాక్యాలన్నీ చెప్పాను. దేవుడు మన చేతులు చూడడు, మనసు చూస్తాడన్నాను. పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె అంతా విని ఒకే మాట అంది. "పని చేసే కాలమంతా పెట్టి, పొయ్యే ముందర నిలిపేస్తే, వట్టి చేతుల్తో యెట్లా పొయ్యేది?" ఆమెకి చావంటే భయం లేదు. దేవుడి ఎదట ఖాళీగా నిలబడాలని భయం. ఆ భయం మా ఇంట్లోనే పుట్టిందనీ, ఆదివారం కూరతో పాటు ముప్పై ఏళ్ళు మేమే వడ్డించామనీ నాకు ఆ గదిలో తెలిసింది.

నాయన సంతోషంగా వచ్చాడు. "ఇన్నావా మే, అందురూ ఆమెన్ అన్నారు" అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు జావ తాగలేదు. మర్నాడు రెండు చెంచాలు. మూడో రోజు నోరు తెరవలేదు. నాయన మంచం పక్కన కూర్చుని, నువ్వు పెట్టింది చాలు, ఎంతమంది తిన్నారో దేవుడికి తెలుసన్నాడు.

"చాలినాయని నీకెవురు చెప్పినారు? చాలనుకున్నోడు ఆడ్నే పడతాడని నువ్వే గదా చెప్తివి."

మాట ముద్దగా వచ్చినా ఒక్క అక్షరం పోలేదు. నాయన లేచి వాకిట్లోకి వెళ్ళి, చాలాసేపటికి నన్ను పిలిచాడు. "మీ చిన్నాయనకి ఫోన్ చెయ్యి. వచ్చి ఆయన మాటలేవో ఆమెకి చెప్పమను" అన్నాడు. మీరే చెయ్యండి అన్నాను. "నువ్వే చెయ్యమ్మా" అన్నాడు, నేల చూస్తూ.

చిన్నాయన మధ్యాహ్నం బస్సుకి దిగాడు. కాళ్ళు కడుక్కుని వదిన పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు చెప్పినంత బాగా ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఎదురు వాదించే మనిషి లేడు కాబట్టి గొంతు కూడా పెంచలేదు. "వదినా, నేను చెక్కే కొయ్య నేను పుట్టించింది కాదు. కొండ ఇచ్చింది. కొండని నేనేం అడగలా, అది నన్నేం అడగలా. అట్లా ఇచ్చేవోడి దగ్గరికి పోతా ఉండావు నువ్వు. చేతుల్లో ఏముండాదని ఆయన చూడడు" అన్నాడు. అమ్మ చివరిదాకా విన్నది. తర్వాత ఎడమచేత్తో ఆయన మోచెయ్యి నిమిరింది.

"నీ మాట చల్లగా ఉంటాది అబ్బయ్యా, ఎప్పుడూ అంతే. మీ అన్నని చెప్పమను. ఆయన చెప్తే నమ్ముతా."

పెరట్లో అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉంటే కాఫీ తీసుకుపోయాను. చిన్నాయన బతిమాలుతున్నాడు. "ఒక్క మాటన్నా. ఊరికే ఇచ్చేదే, ఏమీ తీసకపోనక్కర్లేదని. ఆమె కోసరం చెప్పు."

"నేను నమ్మని మాట ఆమెకి యెట్లా చెప్పేదిరా? మొకం చూస్తే కనుక్కుంటాది. అబద్ధం చెప్పి పంపించినాడని అనుకుంటా పోవాల్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోతుంటే సిద్ధాంతం ఏమిటని, నాయన మీద పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అరిచాను. ఆయన కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, కొట్టాం పక్కకి వెళ్ళిపోయాడు. ఆ కోపం రోజంతా నాలో ఉంది. ఆయన అబద్ధం చెప్పలేకపోవడం కూడా ఆమె మీద ప్రేమేనని నాకు తోచడానికి చాలా కాలం పట్టింది.

మర్నాడు పొద్దున నేను ఎసరు పెట్టి బియ్యం కొలుస్తుంటే నాయన వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింటి గోడ కట్టినప్పుడు తప్ప ఆ గదిలో అడుగుపెట్టిన మనిషి కాదు. గిన్నె నా చేతుల్లోంచి తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాడు. మంచం అంచున కూర్చుని, ఆమె కుడిచెయ్యి ఎత్తి బియ్యంలో పెట్టాడు. సిమెంటుకి పగుళ్ళిచ్చిన తన చేతిని ఆ చేతి మీద కప్పి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, పిడికిలి మూసి పైకెత్తాడు. సగం గింజలు దుప్పటి మీద రాలాయి. మిగతావి డబ్బాలో ఒంపించాడు. అమ్మ ఆ పని అంతా కళ్ళు ఆర్పకుండా చూసింది.

"ఇది ఎవురి పిడికెడు?"

"నీదే."

"నా చేతిలో బలం లేదే."

"బలం నాది. చెయ్యి నీది."

ఆమె దుప్పటి మీద రాలిన గింజల వంక చూసింది. "ఇది చెల్లతాదా?" అంది.

నాయనకి తెలియదు. తెలియదని ఆయన మొహంలోనే ఉంది. "చెల్లకపోతే నేను గూడా లోపలికి పోను మే. నీతోనే బయట కూర్చుంటా" అన్నాడు.

గుమ్మంలో నిలబడిన చిన్నాయన దగ్గర ఆ మాటకి ఎంత జవాబైనా ఉండాలి. తువ్వాలుతో మొహం తుడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట అమ్మ జావ తాగింది. గ్లాసెడు తాగి, ఇంకొంచెం ఉందా అని కూడా అడిగింది.

రెండు వారాల పైచిలుకు రెండు పూటలా అలాగే జరిగింది. అమ్మ భయం పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. కొన్ని సాయంత్రాలు డబ్బా వంకే చూస్తూ పడుకునేది. తర్వాత ఒక పొద్దున, ఎసరు ఇంకా మరగకముందే, ఆమె పిలిస్తే పలకలేదు. నాయన బియ్యం గిన్నె పట్టుకుని గదిలోకి వస్తున్నాడు. నా మొహం చూసి అక్కడే ఆగిపోయాడు. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేనే పొయ్యి ఆర్పేశాను. పక్కింటి ముస్లిం పెద్దామె, మేం ఖాలా అని పిలిచే ఆవిడ, వచ్చి గిన్నె ఆయన చేతుల్లోంచి తీసుకుంది.

సమాధుల దొడ్డిలో అందరూ మట్టి వేసి పక్కకి జరిగాక, నాయన తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఒరే, నువ్వు చెప్పేది నిజమే గదా? ఊరికే ఇస్తాడు గదా?"

ముప్పై ఏళ్ళుగా చిన్నాయన ఈ మాట కోసమే ఉదయగిరి నుంచి బస్సెక్కి వస్తున్నాడు. నాకు ఇప్పటికీ ఆయన మొహం గుర్తుంది. గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. అన్న భుజం చుట్టూ చెయ్యి వేసి, "నిజం కాకపోతే యెట్లన్నా" అన్నాడు.  ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, ముసలివాళ్ళు నడిచినట్టు నడుస్తూ దొడ్డి బయటికి వచ్చారు. ఆ రోజు దాకా వాళ్ళు ముసలివాళ్ళని నేను అనుకోలేదు.

ఆ తర్వాత కూడా చిన్నాయన మొదటి ఆదివారాలు వచ్చేవాడు. నేను వండి పెట్టేదాన్ని. ఇద్దరూ తిని, వానల సంగతీ మోకాళ్ళ సంగతీ మాట్లాడుకుని పడుకునేవాళ్ళు. రక్షణ మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రెండేళ్ళకి నాయన కూడా వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరిలో ఎవరిది రైటని నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. అడగాలనుకున్నప్పుడల్లా అమ్మనే అడగాలనిపిస్తుంది. ఆమె ఏమనుకునేదో, ఎప్పటినుంచి భయపడుతూ వచ్చిందో, మా మధ్య తిరుగుతూ వడ్డించేటప్పుడు ఎవరి మాట విని గుండె జారిందో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ ఆదివారాలు మా చేతిలో ఉన్నాయి, అమ్మా నువ్వేమంటావని అడగడానికి వాటిలో ఒక్క మధ్యాహ్నం మాకు ఖాళీ దొరకలేదు.